ఎఫెసస్‌లో ఉల్లిపాయల లెక్క

పిల్లలు యూరప్‌లో ఉద్యోగాలు చేస్తున్న తల్లిదండ్రులకి ఈమధ్య టర్కీ ప్రయాణం కొత్త కాదు. వాళ్లకి వారం సెలవు దొరికితే చాలు, ఎండా సముద్రమూ ఉన్న చోటికి పరుగెడతారు. మనల్నీ అక్కడికే రమ్మంటారు. అలా వెళ్లే అవకాశం మీకెప్పుడైనా వస్తే ఎఫెసస్ శిథిలాలు ఎలాగూ చూపిస్తారు. అందులో ఒక భాగానికి మాత్రం మళ్లీ వేరే టికెట్టు కొనాలి. "అది అవసరం లేదులెండి, కాళ్లు నొప్పి పుడతాయి" అని చాలామంది దాటేస్తారు. దాటేయకండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మేం దిగింది కుషాదాసిలో. ఏజియన్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. వాళ్ల భాషలో ఆ పేరుకి పక్షుల దీవి అని అర్థమట. ఓడలొచ్చి ఆగుతాయి, హోటళ్లు వరసగా ఉంటాయి. తెల్లతోలు దొరలు, దొరసానులు రోజంతా ఎండలో పడుకుని వేగుతుంటారు. మనకా పిచ్చి లేదు కదా! ఒక రోజు చూశాం, రెండో రోజుకి మావారికి విసుగొచ్చింది. "ఏదైనా గుడో గోపురమో చూపించమ్మా" అన్నారు అమ్మాయితో. మా అల్లుడు వెంటనే మర్నాటికి టూరు మాట్లాడేశాడు. మేమిద్దరం, అమ్మాయి, అల్లుడు, మా వియ్యపురాలు. అయిదుగురికీ ఒక చిన్న వ్యాను, ఒక గైడు.

మా వియ్యపురాలి గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడది వరంగల్. నాకన్నా నాలుగేళ్లు పెద్ద, మోకాళ్ల నొప్పులున్న మనిషి. "నేను మెల్లగా వస్త వదినా, నా కోసం ఎవరూ ఆగొద్దు" అంటూనే అందరికంటే ఎక్కువ చూసేస్తుంది.

గైడు ముప్ఫై అయిదేళ్ల అమ్మాయి. అక్కడ గైడు కావాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, నోటికొచ్చిన కథ చెబితే కుదరదు. అందుకే కాబోలు, ఏది రుజువైందో ఏది జనం చెప్పుకునేదో విడివిడిగా చెప్పింది.

పొద్దున్నే ముందుగా కొండ మీదున్న మేరీమాత ఇంటికి తీసుకెళ్లారు. ఏసుక్రీస్తు తల్లి చివరి రోజుల్లో అక్కడే ఉందని నమ్మకం. జర్మనీలో మంచం పట్టిన ఒక సన్యాసినికి కలిగిన దర్శనాలని ఆధారం చేసుకుని 1891లో ఆ చోటు వెతికి పట్టుకున్నారట. చిన్న రాతి ఇల్లు. 1967లో ఒక పోపు, 1979లో ఇంకో పోపు, 2006లో మరో పోపు వచ్చి వెళ్లారు. ముస్లింలు కూడా వస్తారు, ఆవిడని వాళ్లు మర్యం తల్లిగా గౌరవిస్తారు కదా. కిందకి వస్తే ఒక పొడుగాటి గోడ, దాన్నిండా కాగితం ముక్కలూ గుడ్డపేలికలూ ముడులేసి ఉన్నాయి. మన దగ్గర చెట్టుకి ముడుపు కట్టినట్టే! మా వదినగారు చప్పున రుమాలు అంచు చించి తనూ ఒక ముడి వేసింది. ఏం మొక్కుకుందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

అక్కణ్ణించి ఎఫెసస్. దానికి రెండు గేట్లున్నాయి, పైనొకటి కిందొకటి. పై గేటులో దింపి, కింద గేటు దగ్గర ఎక్కించుకుంటారు. మీరు సొంతంగా వెళ్లినా ఇలాగే చేయండి, దారంతా పల్లం కాబట్టి మోకాళ్లకి సుఖం. పాలరాతి పలకలు జనం పాదాలతో అరిగి అరిగి నున్నగా జారుతుంటాయి. చీర కట్టినా సరే, కాలికి మాత్రం పట్టు ఉన్న బూట్లే వేసుకోండి. లోపల నీడ తక్కువ. బాత్‌రూములు గేట్ల దగ్గరే ఉంటాయి, ముందే వెళ్లి రండి. నీళ్ల సీసా, టోపీ మర్చిపోకండి. ఇంక పిల్లులు! ఎక్కడ చూసినా పిల్లులే. స్తంభం మీదొకటి, విరిగిన విగ్రహం ఒళ్లో ఒకటి. ఆ ఊరు మాదే అన్నట్టు చూస్తాయి మనవైపు.

రోమన్ల కాలంలో ఆసియా రాష్ట్రానికి ఎఫెసస్ ముఖ్య పట్టణం, పెద్ద రేవు కూడా. పై నుంచి దిగుతూ పోతే సభ జరిగే చోటు, గుళ్లు, ఫౌంటెన్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చక్రవర్తుల పేర్లు విని విని మా అల్లుడికే ఆవులింతలొచ్చాయి. నాకు మాత్రం ప్రిటానియన్ అనే చోట కాళ్లు ఆగిపోయాయి. చూడ్డానికి రెండు మూడు స్తంభాలే మిగిలాయి. కానీ అక్కడ ఊరందరి తరఫునా ఒక పొయ్యి ఉండేదట. హెస్టియా అని పొయ్యికి దేవత. ఆ నిప్పు ఎప్పుడూ ఆరకూడదు. దాన్ని చూసుకునే పదవి ఊళ్లో పెద్ద గౌరవం. ఆ పదవి చేసినవాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారని రాళ్ల మీద పేర్లు చెక్కి ఉన్నాయట.

మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అగ్గిపెట్టె ఖర్చని, రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి ఉంచేవాళ్లు. తెల్లారి పక్కింటావిడ పిడక పట్టుకుని నిప్పు కోసం వచ్చేది. మన అమ్మమ్మలు రోజూ ఊరికే చేసిన పనికి అక్కడ రాతి మీద పేరు చెక్కారు చూడండి!

ఇంకొంచెం కిందకొస్తే తలలేని ఒక స్త్రీ విగ్రహం ఉంది. స్కొలాస్టికా అనే ఆవిడ. పాడైపోయిన స్నానశాలని ఆవిడ బాగు చేయించిందట. ఆ పక్కనే ఊరుమ్మడి మరుగుదొడ్లు. గోడల వెంట పొడుగాటి రాతి బల్లలు, వాటికి వరసగా బెజ్జాలు, అడ్డు గోడలు లేవు! కింద నీళ్లు పారే కాలవ ఉండేది. మగవాళ్లు అక్కడే కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడుకునేవాళ్లట. మావారు సిగ్గుపడిపోయి ఫొటో కూడా వద్దన్నారు.

వీధి చివరికొచ్చేసరికి అందరూ ఫొటోలు తీసుకునే సెల్సస్ గ్రంథాలయం కనిపిస్తుంది. కేలండర్లలో మీరూ చూసే ఉంటారు. సెల్సస్ అనే పెద్ద ఉద్యోగి చనిపోతే, ఆయన కొడుకు తండ్రి జ్ఞాపకంగా దీన్ని కట్టించాడు. తండ్రి సమాధి కూడా కిందే ఉంది. క్రీస్తు శకం రెండో శతాబ్దం మొదట్లో కట్టింది. ముందు గోడ కూలి ముక్కలై పడి ఉంటే, ఆస్ట్రియా వాళ్లు 1970 నుంచి 1978 దాకా ఆ ముక్కలని పేర్చి మళ్లీ నిలబెట్టారు. మా వదినగారు తల పైకెత్తి చాలాసేపు చూసి, "మా వరంగల్ కోటల తోరణాలు కూడ ఇట్లనే ఒంటిగ నిలబడి ఉంటయి వదినా. లోపల గుడి లేదు, ద్వారం మాత్రం ఉన్నది" అంది. నిజమే కదా!

ఆ గోడ గూళ్లలో నలుగురు స్త్రీల విగ్రహాలున్నాయి. వివేకం, సద్గుణం, ఆలోచన, విజ్ఞానం. అసలువి వియన్నా మ్యూజియంలో ఉన్నాయట, ఇవి నకళ్లు. గుణాలన్నిటికీ ఆడరూపం ఇచ్చారు, బాగానే ఉంది. కానీ ఆ గోడ మీద ఇంటావిడ ఎవరిదైనా పేరుందా అని వెతికితే, తండ్రీ కొడుకులే కనిపించారు నాకు. గైడు అమ్మాయికి నా మొహం చూసి ఏమనిపించిందో, నవ్వి, "మీకు ఇళ్లు చూడాలని ఉందా?" అని అడిగింది.

వేరే టికెట్టు అన్నానే, అదే ఇది. గ్రంథాలయానికి దగ్గర్లోనే, కొండ వాలున మెట్లు మెట్లుగా కట్టిన ఇళ్లు. పైన పెద్ద కప్పు వేసి ఎండా వానా తగలకుండా కాపాడుతున్నారు. అంతా అద్దాల నడవ, మెట్లెక్కుతూ పోవాలి. "అత్తమ్మా, మీరు అమ్మతో కింద కూర్చోండి" అంది మా అమ్మాయి వాళ్ల అత్తగారితో. ఆవిడ ఊరుకుంటేనా! "ఊరంత తిరిగి ఇల్లు చూడకుండ పోతమా బిడ్డా" అని కడ్డీ పట్టుకుని ఎక్కడం మొదలెట్టింది. నేను వెనక. నాలుగు మెట్లు, ఒక విశ్రాంతి, మళ్లీ నాలుగు మెట్లు. గైడు ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు.

లోపల ఏడు ఇళ్లున్నాయి. అవి చూడగానే నాకేమనిపించిందో చెప్పనా? మండువా లోగిలి! మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ స్తంభాల వసారా, వసారాలోంచి గదులు. అచ్చం మా కృష్ణా తీరంలో పాత ఇళ్లలాగే. కాకపోతే మనవి టేకు స్తంభాలు, వాళ్లవి పాలరాయి. మట్టి గొట్టాలతో ఇంట్లోకి నీళ్లు తెచ్చుకున్నారు. నేల కింద, గోడల్లో వేడి గాలి పారేలా చేసుకుని చలికాలం వెచ్చగా ఉన్నారు. నేల మీద రంగు రాళ్లతో సింహం, ఇంకోచోట పాములే జుట్టుగా ఉన్న మెడూసా ముఖం. ముగ్గు పెట్టే ఓపిక ఉన్నవాళ్లకే ఆ పని విలువ తెలుస్తుంది. గోడలకి బొమ్మలు వేసి, పాతబడితే దాని మీదే మళ్లీ గార పూసి కొత్త బొమ్మలు వేసుకున్నారు. పెచ్చులూడిన చోట పొరలు పొరలుగా కనిపిస్తాయి, ఏటేటా సున్నం వేసిన మన గోడల్లాగే.

ఒక పెద్ద హాల్లో పొడుగాటి బల్లల మీద పాలరాతి పెంకులు పరిచి ఉన్నాయి. గోడలకి అంటించిన పలకలు పగిలిపోయి లక్షకి పైగా ముక్కలయ్యాయట. అవన్నీ ఏ ముక్క పక్కన ఏ ముక్కో చూసి కలుపుతున్నారు. బియ్యంలో రాళ్లేరడం గుర్తొచ్చింది నాకు.

క్రీస్తు శకం మూడో శతాబ్దంలో వచ్చిన భూకంపాలకి ఈ ఇళ్లు కూలిపోయాయి. మళ్లీ ఇళ్లుగా కట్టుకోలేదు. ఆ శిథిలాల కింద పూడిపోయి ఉండబట్టే రంగులు ఇంతకాలం నిలిచాయి. నిలిచి ఉంటే ఎవరో ఒకరు పగలగొట్టి కొత్తది కట్టుకునేవాళ్లే కదా!

అప్పుడు గైడు ఒక గోడ దగ్గర ఆగి, వంగి చూడమంది. నాకు మొదట ఏమీ కనిపించలేదు, సన్నటి గీతలు తప్ప. ఈ ఇళ్ల గోడల మీద మొనదేలిన వస్తువుతో గీసిన రాతలు వందల కొద్దీ దొరికాయట. కత్తి పట్టిన యోధుల బొమ్మలున్నాయి, కవిత్వం ముక్కలున్నాయి. వాటితోపాటు ఇంటి ఖర్చుల జాబితాలు! సరుకు పేరు, దాని ధర. ఉల్లిపాయలకి ఇంత, అలా. ఎవరు రాశారో తెలియదు, ఇల్లాలో, సరుకులు తెచ్చిన బానిసో. బంగారం లాంటి గోడ మీద, మళ్లీ మర్చిపోతానేమోనని గబగబా గీకేసిన లెక్క.

చెప్పొద్దూ, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో చెబుతాను.

మా పుట్టిల్లు రేపల్లె దగ్గర పల్లెటూరు. అమ్మ పోయి రెండేళ్లయింది. ఇల్లు మా అన్నయ్య వాటాకి వచ్చింది. పెంకులు జారిపోతున్నాయి, ఉండేవాళ్లు లేరు, అందుకని కూలగొట్టి స్థలం అమ్మేస్తానన్నాడు. అందులో తప్పేమీ లేదు, నేనూ సరేనని సంతకం పెట్టాను. పాత ఇల్లు పట్టుకుని ఊగులాడటం నాకూ ఇష్టం లేదు. కానీ వంటింటి తలుపు వెనక ఒక జానెడు వెడల్పు గోడ ఉంది. సంక్రాంతికి ఇల్లంతా సున్నం వేయించినా అమ్మ అక్కడ వేయనిచ్చేది కాదు. అది పాల లెక్క. బొగ్గుతో గీతలు. శేరుకి నిలువు గీత, అరశేరుకి చుక్క, పాలు పోయని రోజుకి సున్నా. చాకలి పద్దు దాని కింద. నెలాఖరుకి తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదలు. అమ్మ రెండో తరగతి చదివింది. సంతకం పెట్టడం తప్ప కాగితం మీద ఆవిడ రాసింది మా ఇంట్లో ఒక్క ముక్క లేదు. ఫొటోలు కూడా రెండే. ఆఖరి నెల లెక్క తుడవకుండానే ఆసుపత్రికి వెళ్లింది.

ఆ సంగతి ఇంటి పంపకాల్లో ఎవరికీ గుర్తు రాలేదు. వస్తే మాత్రం ఏముంది, బొగ్గు గీతలకి వాటా ఏమిటి? నాకు మాత్రం ఆ అద్దాల నడవలో, రెండువేల ఏళ్ల నాటి ఉల్లిపాయల లెక్క ఎదురుగా నిలబడ్డప్పుడు, అది ఎంత విలువైందో అర్థమైంది. మావారు నా భుజం మీద చెయ్యేసి "ఏమిటీ?" అన్నారు. "ఏం లేదు, మెట్లెక్కి ఆయాసం" అన్నాను. వదినగారు మాత్రం నా వైపే చూస్తోంది.

తర్వాత పెద్ద నాటకశాల చూశాం. కొండని తొలిచి కట్టింది, పాతిక వేల మంది పట్టేదట. దాని ఎదుట తిన్నగా ఒక వెడల్పాటి రాతి బాట, ఒకప్పుడు రేవుకి పోయేది. ఇప్పుడు ఆ చివర సముద్రం లేదు, పొలాలూ తుప్పలూ ఉన్నాయి. నది తెచ్చిన ఒండ్రు మేట వేసి వేసి సముద్రాన్ని అయిదారు కిలోమీటర్లు వెనక్కి నెట్టేసింది. రేవు పూడిపోయాక వ్యాపారం పోయింది, వ్యాపారం పోయాక ఊరూ సన్నగిల్లింది. 2015లో యునెస్కో వాళ్లు దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

మధ్యాహ్న భోజనం దారిలో ఒక చెట్టు కింద. శాకాహారులకి భయం లేదు. ఎర్ర కందిపప్పు సూపు మన పప్పుచారుకి చెల్లెలు. ఉప్పు వేసిన మజ్జిగని ఐరాన్ అంటారు. పాలు లేని టీ, నడుం సన్నటి చిన్న గ్లాసుల్లో. ఇంక గోజ్‌లెమె! ఇద్దరు ఆడవాళ్లు నేల మీద కూర్చుని, పొట్టి కాళ్ల గుండ్రటి బల్ల మీద, మన అప్పడాల కర్ర కంటే సన్నగా పొడుగ్గా ఉన్న కర్రతో చేస్తున్నారు. వదినగారూ నేనూ వాళ్ల పక్కనే చతికిలబడ్డాం. భాష రాదు, చేతులతోనే మాట్లాడుకున్నాం. మా వదినగారు కర్ర తీసుకుని ఒకటి ఒత్తి చూపిస్తే వాళ్లు చప్పట్లు కొట్టారు.

మీరూ చేసుకోవచ్చు. గోధుమపిండి, మైదా సగం సగం తీసుకుని, ఉప్పు, నీళ్లతో మెత్తగా కలిపి అరగంట నాననివ్వండి. పాలకూర సన్నగా తరిగి, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు వేసి నలిపి, నీరు గట్టిగా పిండేయండి. వాళ్లు వేసే తెల్ల చీజు మన దగ్గర దొరక్కపోతే పనీరు పొడి చేసి కలపండి. ఉండని వీలైనంత పల్చగా ఒత్తి, సగం మీద కూర పరిచి, మిగతా సగం మడిచి అంచులు నొక్కండి. నూనె లేకుండా పెనం మీద రెండు వైపులా కాల్చి, దించాక వెన్న రాయండి. నీరు సరిగ్గా పిండకపోతే చిరుగుతుంది, అదొక్కటే జాగ్రత్త.

ఆర్టెమిస్ గుడి దగ్గర పది నిమిషాలే ఆగాం. ప్రపంచంలోని ఏడు వింతల్లో ఒకటి అది. ఇప్పుడు చిత్తడి నేలలో, దొరికిన ముక్కలతో నిలబెట్టిన ఒక్క స్తంభం. పైన కొంగల గూడు ఉంది. మేం వెళ్లింది అక్టోబరు కాబట్టి కొంగలు వలస పోయాయి. తర్వాత తివాచీల దుకాణానికి తీసుకెళ్లారు. టూర్లలో ఇది తప్పదు. టీ ఇచ్చి, కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ విప్పి పరుస్తారు. నచ్చకపోతే టీ తాగేసి, నవ్వి, లేచి రండి, మొహమాటపడకండి.

వ్యానులో అందరూ కునుకు తీస్తుంటే వదినగారు మెల్లగా అడిగింది, ఆ గోడ దగ్గర ఏమైందని. చెప్పాను. విని, "ఫోన్ చేయి మరి. ఇప్పుడే చేయి" అంది. అక్కడ సాయంత్రం అయిదు, మనకి ఏడున్నర. అన్నయ్య భోజనానికి కూర్చోబోతున్నాడు.

"వంటింటి తలుపు వెనక గోడ ఉంది చూడు, అది కొట్టించకు" అన్నాను.

"ఏ గోడ? ఇల్లే కొట్టిస్తుంటే గోడేమిటే?"

"అమ్మ పాల లెక్క."

కాసేపు ఏమీ వినపడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత, "పద్దెనిమిది గీతలున్నాయి. మొన్న సామాను తీసినప్పుడు చూశాను" అన్నాడు. నెల మధ్యలో అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లింది తనే.

ఆ మట్టిగోడ ఊడదీస్తే నిలవదని తాపీమేస్త్రీ తేల్చాడు. అందుకని మేం దేశానికి రాగానే ఊరెళ్లి, పల్చటి కాగితం గోడకి ఆనించి గీతలన్నీ దించుకున్నాం, ఫొటోలు తీసుకున్నాం. చాకలి పద్దు కింద, మేమెవరమూ ఎప్పుడూ గమనించని ఒక అంకె కూడా ఉంది. మేకుతో గీకినట్టుంది. అది దేని లెక్కో అన్నయ్యకీ తెలియదు, నాకూ తెలియదు. తలుపు రెక్క మాత్రం నేను తెచ్చుకున్నాను.